జెముడుకాకి ఎంచిన తప్పులు

తుమ్మతోపుకి కొత్వాలు పసులపోలిగాడనే నల్లపిట్ట. పిడికెడు ఒళ్ళు, చీలిన తోక, గద్దనైనా తరిమే గుండె. గేదెల వీపు మీద కాపలాతో మొదలుపెట్టి తోపంతటికీ పెద్ద కొత్వాలయ్యాడు. అంతా పోలయ్య అని గౌరవంగా పిలిచేవారు. అలాంటివాడు ఆ పొద్దున పంచాయితీ కొమ్మ మీద ఏం చేయాలో తోచక కూర్చున్నాడు.

మొన్న గువ్వ సీతాలు మేతకెళ్ళి వచ్చేసరికి రెండు గుడ్లలో ఒకటే మిగిలింది. ముళ్ళలోంచి జారుకున్న గోధుమరంగు రెక్క లీలగా కనబడింది. అది జెముడుకాకిదే. కానీ జెముడు కనబడితే శుభమని లోకమంతా దణ్ణం పెడుతుంటే దొంగ అనే నోరేది? ఇవాళ తేలకపోతే ఉన్న ఒక్క గుడ్డూ దక్కదు.

పంచాయితీ పెద్ద కొంగ గొంతు సవరించుకున్నాడు. తోపు ఆచారం ప్రకారం ముందు ప్రశ్నలన్నీ సొత్తు పోగొట్టుకున్నవాళ్ళకే.

"గూడు అంత పలచగా ఎందుకల్లావు?"

"మా జాతి అల్లికే అంత, బాబూ."

"గుడ్లొదిలి మేతకెందుకు పోయావు?"

కొమ్మల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అనే సామెత ఊరికే పుట్టలేదు. గుడ్డు పోయిన రోజు ఏడవని సీతాలు ఇప్పుడు ఏడ్చింది. "నాకే న్యాయమూ వద్దు. వెళ్ళిపోతాను."

పోలయ్యకి పాత సంగతి గుర్తొచ్చింది. ఉద్యోగం కొత్తలో ఒక పిచ్చుకని తనూ ఇలాగే అడిగాడు. రెండోసారి పిల్లలు పోయినా ఆమె మళ్ళీ ఫిర్యాదుకి రాలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ చావలేదు. అప్పట్నుంచీ బాధపడ్డవాళ్ళ గూటికి తనే వెళ్ళి వినేవాడు.

ఎగిరి సీతాలు పక్కన వాలాడు. "కొంగ బాబూ, తప్పంతా ఈవిడదే అనుకుందాం. అదేమిటో లోకం తెలిసిన జెముడయ్యగారే చెప్పాలి."

సీతాలు తెల్లబోయి చూసింది. పోలయ్య ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు.

పెద్దల వరసలో కూర్చున్న జెముడుకాకి రొమ్ము విరుచుకున్నాడు. "నాలుగు పుల్లలు పేరిస్తే గూడా? పడమటి పక్క పుల్ల ఊడితే సరిచేసుకోవద్దూ? గుడ్డు అంచుదాకా దొర్లిందే! ఇంత అజాగ్రత్తా?"

"నిజమే. మరి కాపలా?"

"ఏం కాపలా! ఈవిడ మొగుడు నీళ్ళకి పోతే తిరిగొచ్చేదాకా గూడు ఖాళీ."

పోలయ్య జెముడుకాకి ఎదురుగా వచ్చి వాలాడు.

"జెముడయ్యా," అన్నాడు పోలయ్య, "ఆ గూడు ముళ్ళ నడుమ ఉంది. బయటికి పుల్ల కూడా కనబడదు. నిన్న ఒళ్ళు గీరుకుపోయేలా లోపలికి దూరాకే ఆ ఊడిన పుల్ల చూశాను. నేనెవరికీ చెప్పలేదు, ఈమె కూడా చెప్పలేదు. నీకెలా తెలిసింది?"

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. జెముడుకాకి ఒక్కసారిగా పొదలోకి దూకాడు. పోలయ్య వాడి నెత్తి మీద పొడుస్తూ పొలిమేర దాటించాడు. దణ్ణాలు పెట్టినవాళ్ళలో ఒక్కడూ అడ్డురాలేదు.

"ముందే చెప్పొచ్చుగా బాబూ, మీరూ అటే చేరారనుకున్నాను," అంది సీతాలు.

"చెబితే నీ మొహం చూసి వాడు పసిగట్టేవాడమ్మా. నీ మనసు కష్టపెట్టాను, క్షమించు."

కొంగ తల దించుకుని ఆచారం మార్చాడు. తుమ్మతోపు పిల్లలకి పెద్దలు ఇప్పుడు నేర్పే మాట ఒకటే: నష్టపోయినవాళ్ళలో తప్పులెంచడానికి ఎవడు ఎగబడతాడో, ముందు వాణ్ణి ప్రశ్నించాలి.