మారెప్ప లేపిన పురుగులు

"స్వామీ, మనిషికి ఎంత నిద్ర చాలు?" అని సిద్ధప్ప అడిగాడు. అడిగింది తన కోసం కాదని మా అందరికీ తెలుసు. మఠంలో కదిరప్ప అని కొత్తగా చేరిన శిష్యుడున్నాడు. దీపం పెట్టిన కాసేపటికే పడుకుని, తెల్లవారేదాకా లేవడు. సిద్ధప్పకు అది కంట్లో నలుసయింది. "ఇంత నిద్ర ఊరికే వస్తుందా? ఏదో మందు మింగుతున్నాడు, కాకుంటే మనం పడుకున్నాక ఎక్కడికో పోయొస్తున్నాడు" అని మా చెవులు కొరికేవాడు. ఆ గుట్టు పట్టడానికి తాను నిద్ర మానుకుని కాపలా కాసేవాడు. పగలు పాఠంలో జోగేవాడు. తట్టి లేపితే ధ్యానమనేవాడు. మహా ధ్యానం! ఆ రోజు కదిరప్పను మఠం నుంచి పంపించెయ్యమని చెప్పడానికే వచ్చి, ఫిర్యాదుకు ప్రశ్న వేషం వేశాడు.

ఈరప్ప స్వామికి వాదించే అలవాటు లేదు. ఆయన మడకశిర వైపు పట్టుపురుగులు పెంచే ఇంట పుట్టినవారు. తమ ఊళ్ళో జరిగిన సంగతి ఒకటి ఎత్తుకున్నారు.

ఆ ఊళ్ళో మారెప్ప అని ఒక రైతు, తన నీడను తానే నమ్మని మనిషి. కోడలు శివమ్మ కొత్తగా కాపురానికొచ్చింది. పురుగుల గది ఆమెకు అప్పగించి, "పంట పోయిందో, మూటాముల్లె సర్దుకుని పుట్టింటికి పోవాల్సిందే" అన్నాడట. పట్టుపురుగు పొర విడిచే ముందు మేత మాని, తల పైకెత్తి, కదలక మెదలక నిద్రపోతుంది. శివమ్మ ఆకు వెయ్యడం ఆపి, కిటికీలకు గోనెసంచులు కట్టి చీకటి చేసి, గదిలో సద్దు లేకుండా చూసుకుంది. మరునాటికి ఎదురింటివాళ్ళ పురుగులు లేచి ఆకు నమిలేస్తున్నాయి. వీళ్ళవి లేవలేదు.

మారెప్పకు అనుమానం పట్టుకుంది. "ఎదురింటి వాటికి చాలిన నిద్ర మనవాటికెందుకు చాలదు? ఆకు కోయడానికి ఒళ్ళు వంగక నాటకాలాడుతున్నావు. లేదంటే వాళ్ళతో కలిసి ఏదో చేశావు."

"మన గదిలో చలెక్కువ మామా. వాళ్ళ గోడకు ఎండ తగులుతుంది. ఇవీ లేస్తాయి, ముట్టుకోవద్దు" అని ఆమె బతిమాలింది.

వింటేనా! ఆ పూటే కోడల్ని పుట్టింటికి పంపేసి, మారెప్ప కిటికీలు తెరిచాడు. వరుసలుగా పేర్చిన పురుగుల తట్టల్లో అందినవాటన్నిటిలో ఆకు కుమ్మరించి, పురుగుల్ని చేత్తో కెలికాడు. పొర విడవబోయే పురుగు కింది ఆకును గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది. లాగితే పొర సగంలో చిక్కుకుంటుంది. అవన్నీ నల్లబడి చచ్చాయి. చేతికందని పై వరుస తట్టల్లోవి మాత్రం మర్నాడు వాటంతటవే లేచి, తలలాడిస్తూ ఆకు కోసం వెతికాయి. ఈసారి మారెప్ప వాటి మీద చెయ్యి వెయ్యలేదట. తర్వాత కండువా భుజాన వేసుకుని వియ్యంకుడి ఊరికి నడిచాడు.

శివమ్మ గడప దిగలేదు. "అవి లేచాయా మామా, మీరు లేపారా?" అని అడిగింది.

"నేను లేపినవి పోయినాయి తల్లీ. లేచినవి ఆకలితో ఉన్నాయి. నన్ను చూసి కాదు, వాటిని చూసి రా."

ఆమెకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే చెప్పులు వేసుకుంది. "వస్తాను. గది తాళంచెవి ఇకమీదట నా కొంగున ఉంటుంది" అంది. మారెప్ప మొలతాడుకున్న తాళంచెవి విప్పి ఇచ్చాడు.

స్వామి అక్కడితో ఆపేశారు. సిద్ధప్పకు మాత్రం అనుమానం తీరలేదు. "కథ బాగుంది స్వామీ. ఇంతకీ లెక్కెంత? కదిరప్పకు ఎన్ని గంటలు, నాకు ఎన్ని గంటలు?"

స్వామి అతని ఎర్రబడ్డ కళ్ళలోకి చూశారు.

"ముందు పక్కవాడి చాప మీద నుంచి ఆ కళ్ళు తియ్యి నాయనా. మూతపడాల్సినవి అవే."