గోనెపట్టకు మెత్తటి లైనింగు

అనగనగా గోదారి పాయ పక్కన ఒక ఊళ్ళో, గట్టు కిందే చర్చి, చర్చి చుట్టూ ఇళ్ళు. ఇటు తిరిగి పడుకో అమ్మలూ, కాళ్ళు ఆడించకు. ఆ ఊరికి పెద్ద జెకర్యా. చర్చిలో సంఘపెద్దా ఆయనే, ఊరికి ప్రెసిడెంటూ ఆయనే. గొంతు పెద్దది, ఇల్లు ఇంకా పెద్దది.

వరదొస్తే ఊరిని కాచేది ఆ గట్టే. అలాంటి గట్టు మట్టిని జెకర్యా బళ్ళకొద్దీ తోలించుకుని తన ఇంటిస్థలం మెరక చేసుకున్నాడు. పెద్దాయనే తవ్వగా లేనిది మనకేంటని జనమూ తలా కాస్త తవ్వుకున్నారు. గట్టు కింద పాకలో ఉండే రాహేలమ్మ కూడా మూడు తట్టలు తెచ్చి పొయ్యి కింద అరుగు వేసుకుంది. ఆ ఏడు వరదకి గట్టు గండిపడి, రాహేలమ్మ పాడిగేదె కొట్టుకుపోయింది. ఆ గండిని కొబ్బరిమట్టలూ బురదా వేసి పైపైన పూడ్చారు.

అప్పుడు దేశాన్నేలే పెద్దలు చాటింపు వేయించారు. మన పాపాల వల్లే ఈ వరదలు, మూడు ఆదివారాలు దేశమంతా పశ్చాత్తాపపడాలి అని. చాటించినవాళ్ళెవరూ ఏ గట్టు మీదా ఒక్క తట్ట మట్టి పోయలేదు, అది వేరే సంగతి.

పూర్వం పాపం ఒప్పుకునేవాళ్ళు గోనెపట్ట కట్టుకుని బూడిద పోసుకునేవారట. అందుకని మొదటి ఆదివారం జెకర్యా మోకాళ్ళ దాకా గోనెచొక్కా కుట్టించుకుని వచ్చాడు. నెత్తిన బూడిద చల్లుకుని, మైకు పట్టుకుని, "ప్రభువా, మేము పాపులం!" అని ఏడ్చాడు. ఏ పాపమో మాత్రం చెప్పలేదు. జనమూ ఏడ్చారు. ఆ తర్వాత ఇళ్ళకెళ్ళి కోడికూర తిన్నారు.

రెండో ఆదివారం రెండు మైకులు. ఈసారి పాపాలు పేరుపేరునా చెప్పాడు, తాగేవాళ్ళవీ, చర్చికి ఆలస్యంగా వచ్చేవాళ్ళవీ. గట్టు ఊసే లేదు. అప్పుడు రాహేలమ్మ లేచింది.

"గట్టు మట్టి మూడు తట్టలు నేనెత్తుకొచ్చానండీ. గేదె పోయిందని ఏడ్చానే గానీ, నేనూ తవ్వానని ఒప్పుకోలేదు."

"కూర్చో రాహేలమ్మా, మూడు తట్టలకేముందిలే" అన్నాడు జెకర్యా. అనడా మరి? ఆవిడ తట్టల మాటొస్తే ఆయన బళ్ళ మాటా వస్తుంది కదా!

మూడో ఆదివారం పొద్దున్నే గోదారి ఎర్రగా పొంగింది. అందరూ ప్రార్థనకొచ్చారు, రాహేలమ్మ తప్ప. పాస్టరుగారు కిటికీలోంచి చూస్తే, ఆవిడ పొయ్యి అరుగు పగలగొట్టి, ఆ మట్టిని పాత గండి మీద పోస్తోంది. అక్కడ అప్పటికే నీళ్ళు ఊరుతున్నాయి. పాస్టరుగారు గంట కొట్టి, "ఇవాళ ఆరాధన గట్టు మీద, పదండి!" అన్నారు.

అందరూ పరిగెత్తారు. ఉత్త మట్టి పోస్తే కొట్టుకుపోతోంది, సంచుల్లో నింపి వేస్తేనే నిలుస్తోంది. ఊళ్ళో ఉన్న సంచులన్నీ అయిపోయాయి. ఇంకా ఒక్క బొక్క మిగిలింది. అది పెద్దదైతే ఊరంతా గోదాట్లోకే.

రాహేలమ్మ గోనెచొక్కాలోనే ఉన్న జెకర్యా వైపు తిరిగింది. "ఆ గోనె ఇటివ్వండి."

"ఇది పశ్చాత్తాపానికి కట్టుకున్నదమ్మా" అని వెనక్కి జరిగాడు.

"అందుకే అడుగుతున్నా."

విప్పక తప్పలేదు. విప్పితే ఏముంది, లోపలంతా మెత్తటి మల్లుగుడ్డ లైనింగు! ఒంటికి గుచ్చుకోకుండా టైలరుచేత వేయించుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది, పాపం.

జెకర్యా బురదలో కూలబడ్డాడు. ఈసారి మైకు లేదు. "గట్టు కొల్లగొట్టింది నేను. నీ గేదె ఉసురు పోసుకుంది నేనే రాహేలమ్మా" అన్నాడు, పక్కవాళ్ళకి కూడా సరిగ్గా వినపడనంత చిన్నగా. అది విన్నాడు చూడు దేవుడు. మైకులో అరిచింది కాదు.

అప్పుడు జెకర్యా తన చేత్తోనే ఆ చొక్కా మెడా చేతులూ ముడేసి, మట్టి నింపి, బొక్కలో కుక్కాడు. నీళ్ళు ఆగాయి. ఆ తర్వాత పలుగు పట్టుకుని ఇంటికెళ్ళి మెరక తవ్వడం మొదలుపెట్టాడు. జనం కూడా ఎవరి అరుగు వాళ్ళు తవ్వి తెచ్చారు. సాయంత్రానికి గట్టు గట్టులా నిలిచింది. వరద అంచుదాకా వచ్చి, చూసి, వెళ్ళిపోయింది.

జెకర్యా ఇల్లు ఇప్పుడు అందరి ఇళ్ళంతే ఎత్తు. తన పాడిగేదెని తీసుకెళ్ళి రాహేలమ్మ పాకలో కట్టేశాడు. తొలిపూట పాలు ఆవిడ ఆయనింటికే పంపింది.

ఆ తర్వాత దేశాన్నేలే పెద్దలు కార్లలో వచ్చి, "మా ప్రార్థనల వల్లే గట్టు నిలిచింది" అన్నారు. రాహేలమ్మ వాళ్ళ ముందు ఖాళీ తట్టలు పెట్టింది. పట్టుకున్నారా అంటావా? ఒకాయన పట్టుకున్నాడు. చాల్లే, ఈ ఊరు కూడా ఒక్క తట్టతోనే మొదలుపెట్టింది.

తీసిన మట్టి గట్టుకి,
పితికిన పాలు చట్టికి,
కథ చేరింది కంచికి,
కునుకు రావాలిక మనింటికి.