గోడ అవతలి పొయ్యి

అడిగిన ప్రశ్నకి జోగారావు మాస్టారు నోటితో జవాబు చెప్పడం అరుదు, చేసి చూపిస్తాడు. ఏళ్ళ తరబడి నేలల గురించి పాఠం చెప్పి, పాడేరు కొండల్లో బడి పెట్టుకున్నాక ఆ అలవాటు మరీ ముదిరింది. అందుకే శిష్యురాలు తరళ ప్రశ్నతోపాటు, దాన్ని పుట్టించిన మనిషిని కూడా వెంటబెట్టుకొచ్చింది.

ఆయన కొండమీది ఊరి పెద్ద, కిల్లో సొంబరి. కొన్నేళ్ళ కిందట తరళ గుప్పెట్లో మన్ను పట్టుకుని ఆ ఊరికి ఒట్టు వేసింది. అడవి కొట్టి కాల్చి పండించే పోడు మానండి, అడవికి నిప్పు పెట్టకండి, రాలిన ఆకు నేలలోనే కుళ్ళి నల్లగా నిలుస్తుంది, గాలిలో కలవదు అని. వాళ్ళు మానేశారు. వాలు మీద చోడి పంట, వాళ్ళ తిండిగింజ, పోయింది. పిల్లలు కోటా బియ్యం తింటున్నారు. అడవి నిలిచింది. ఎండలు మాత్రం ఏటికేడు ముదిరాయి. నల్లమన్ను పాలిపోతోంది.

"ఒక్క చెట్టు కొట్టలేదు, ఒక్క అగ్గిపుల్ల గియ్యలేదు. నేల దాచుకున్నది ఎటు పోతోంది మాస్టారూ?" అంది తరళ.

"చెప్పలేకపోతే ఈ ఎండాకాలం పోడు కొడతాం బాబూ. ఈ అమ్మ వేసిన ఒట్టు ఈ అమ్మకే ఇచ్చేస్తాం," అన్నాడు సొంబరి.

మాస్టారు సొంబరి తెచ్చిన మన్నునే రెండు కుండల్లో పోసి, ఒకే తీరున తడిపి, ఒక్కోదానిలో గిన్నెడు సున్నపు తేట పెట్టి, మూతల చుట్టూ బంకమట్టి మెత్తాడు. ఒకటి మంచినీళ్ళ కుండ పక్కన చల్లటి తడి ఇసుకలో ఉంచాడు. ఇంకోటి వరండా గోడకి ఆనించాడు.

"నేలలో కంటికి కనపడని జీవాలు ఆకు తిని ఊపిరి వదులుతాయి. అది తగిలితే తేట తెల్లబడుతుంది," అన్నాడు. అంతే.

కొద్దిరోజులకి ముగ్గురూ మళ్ళీ కూచుని మూతలు తీశారు. ఇసుకలో కుండది పల్చగా మసకేసింది. గోడవారది చిక్కటి పాలు.

"దీన్ని పితికావా ఏంటి బాబూ?" అని నవ్వి, సొంబరి గోడకి చెయ్యి ఆనించాడు, చురుక్కుమనగానే తీసేశాడు. లేచి గోడ చుట్టూ తిరిగి వెళ్ళాడు. అవతల, గోడనానుకుని బడి వంటపొయ్యి మండుతోంది. వంటామె వెనక్కి తిరగకుండానే, "జరుగు తాతా, కాల్తాది," అంది.

తిరిగొచ్చిన సొంబరి మొహంలో నవ్వు లేదు. "కుండకి ఎవరూ నిప్పు పెట్టలేదు. అవతల ఎవరో వండుకున్నారు, ఆ సెగకే ఇది ఇంత ఊపిరి వదిలేసింది, అంతే. మా కొండకి అవతల ఎవరు వండుతున్నారమ్మా?"

తరళకి బళ్ళూ పొగగొట్టాలూ నిండిన చాలా ఊళ్ళు గుర్తొచ్చాయి. తను పెరిగిన ఊరు కూడా. "పోడు కొడితే మిగిలింది కూడా పోతుంది తాతా," అంది.

"కొట్టంలే. మా మాట మేం పోగొట్టుకోం."

రెండు కుండల మన్నూ తువ్వాల్లో పోసుకుని మూట కట్టి, కొండదారి పట్టాడు. తరళ తలెత్తలేదు.

మాస్టారు గిన్నెలు కడుగుతూ అన్నాడు: "ఆ ఒట్టుకి మన్ను పట్టుకోవాల్సిన చెయ్యి నీది కాదమ్మా, అవతల పొయ్యి రాజేసేవాళ్ళది."