రెండు శేర్ల దూది

దస్తగిరికి మూడు రోజులుగా ముద్ద దిగడం లేదు. అక్కకు ఏడో నెలలోనే కాన్పయింది. బిడ్డ పిడికెడంత ఉంది. కొండగాలికి దాని అరికాళ్లు ఎప్పుడు పట్టుకున్నా చల్లగా తగులుతున్నాయి. "ఈ పుష్యమాసం గట్టెక్కితే చాలురా" అని అక్క ఒకటే ఏడుపు.

దస్తగిరి ఊరుకునే రకం కాదు. దూదేకే కాశింపీరా తాత దగ్గర పదేళ్లుగా పనీ, దైవధ్యానమూ రెండూ నేర్చుకుంటున్నవాడు. "నేనుండగా బిడ్డను చలికి వదలను" అని పట్టుబట్టి రజాయి కుట్టాడు. శేరు దూది పట్టే చోట రెండు శేర్లు కూరాడు. మేనమామ ప్రేమ మరి! వేలెడుకో కుట్టు వేసి బిగించాడు.

కప్పి చూశారు. కాళ్లు వేడెక్కలేదు సరికదా, బరువుకు బిడ్డ గుక్కపట్టింది.

తెల్లారగానే రజాయి తెచ్చి తాత ముందు పడేశాడు.

"ఇంకో శేరు దూది ఇయ్యి తాతా. ఇంకా కూరుతా."

తాత దాన్ని వేలితో పొడిచి నవ్వాడు. "ఇది రజాయా, నాపరాయా? ఆ గోడమీది కోడిపెట్టను పట్టుకురా."

చలికి ఈకలన్నీ విప్పుకుని ఆ పెట్ట గుమ్మడికాయంత కూర్చుంది. దస్తగిరికి ఒళ్లు మండింది. అక్కడ బిడ్డ వణుకుతుంటే ఈ ముసలాయనకు కోడికూర కావాల్సొచ్చిందా! అయినా గురువు మాట. వెళ్లి రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. ఈకలు అణిగిపోయి చేతుల్లో గుప్పెడు పిట్ట మిగిలింది.

"ఇంతేనా!" అన్నాడు.

"మిగతాది ఏదిరా?" అన్నాడు తాత.

 దస్తగిరి పట్టు కాస్త వదిలాడు. పెట్ట ఒళ్లు విదుల్చుకుని మళ్లీ ఉబ్బింది. తాత వాడి చేతిని ఈకల కిందికి దోపాడు. లోపల నిలిచిన గాలి వెచ్చగా ఉంది.

దస్తగిరి కోడిని దించి, కత్తెర అందుకున్నాడు. కుట్లన్నీ విప్పేశాడు. దూదిని పోగుపోగూ విడిపోయి తేలేదాకా ఏకాడు. సగమే నింపి, జానెడుకొకటి చొప్పున వదులుగా కుట్టాడు. వేళ్లు బొబ్బలెక్కినా, తాత అన్నానికి పిలిచినా లేవలేదు.

పొద్దు వాలకముందే తీసుకెళ్లి బిడ్డకు కప్పాడు. కాసేపటికి అక్క అరికాళ్లు తడిమి, "వెచ్చగున్నాయిరా తమ్ముడూ!" అని కేకేసింది. దస్తగిరి ఆ గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు.

తర్వాత వచ్చి తాత కాళ్లు పట్టుకున్నాడు.

"శేరు దూది మిగిలిపోయింది తాతా. ఏం చెయ్యను?"

"ఊళ్లో ఇంకెవరు వణుకుతున్నారో కనుక్కుని రాపో" అన్నాడు తాత.