పథ్యంలో సూది

ప్రశ్న అడిగితే సలోమమ్మగారు వెంటనే జవాబు చెప్పరు. "రేపు టీకాల రోజు, నా పక్కన కూర్చో" అంటారు. ముప్పై ఏళ్ళుగా నర్సులకు పని నేర్పుతున్న ఆవిడ పద్ధతే అంత. కొత్తగా చేరిన హేమలత అడిగింది: "అమ్మగారూ, పాలిచ్చే తల్లికి సూది వేస్తే మందు పాలలోకి దిగి బిడ్డకు చేటని ఊళ్ళో భయపడుతున్నారు. చేటు లేదని చదువుకున్నాను. కానీ ఎలా చెబితే నమ్ముతారు?"

మర్నాడు ఆసుపత్రి వరండాలోకి వీరలక్ష్మి నలభై అయిదు రోజుల మనవరాలిని ఎత్తుకుని దర్జాగా వచ్చింది. వెనకే కోడలు పైడితల్లి, ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉంది. ముందురోజు కుక్కపిల్ల పన్ను ఆమె కాలికి గీరుకుందట. సూది వేయించుకోకపోతే ప్రాణానికే ముప్పు. అత్తగారు మాత్రం మొండికేసింది.

"గుంటకి టీకా ఎయ్యండమ్మా. దీనికొద్దు. పథ్యంలో ఉన్న బాలింత. సూదేస్తే పాలు మాన్పించాల. అలవాటవుద్దని నిన్నట్నుంచీ డబ్బాపాలు పడతన్నాను, గుంట మూతి తిప్పేస్తంది."

సలోమమ్మగారు పైడితల్లి కాలిని సబ్బుతో కడుగుతూ అడిగారు. "కోడలికి పథ్యం ఎందుకు పెడుతున్నావు?"

"ఎందుకేటి? అది బాగుంటేనే కదా గుంట బాగుంటాది!"

"ఈ సూదీ అందుకే. పాలు మానక్కర్లేదు."

పైడితల్లి ఇక అత్తవైపు చూడలేదు. బిడ్డను ఆమె ఒళ్ళోంచి లాక్కుని రొమ్ముకు అదుముకుంది. "ఏసేయండి మేడం" అని రెండో చెయ్యి చాపింది. సూది దిగింది. పిల్ల ఒక కన్ను తెరిచి వరండాను ఓసారి చూసి, మళ్ళీ గుటకలు వేయసాగింది. నిన్నటినుంచీ రొమ్ముల్లో పాలు గడ్డకట్టి నరకం చూసిన ఆ తల్లి ఏడుస్తూనే నవ్వింది. వీరలక్ష్మి వంగి మనవరాలి మూతి చూసి, "ఆకలి గుంట!" అని ఫక్కున నవ్వేసింది. వరండాలో తల్లులంతా నవ్వారు. హేమలతకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. తర్వాత తనకు వేసిన టీకాకు మాత్రం పిల్ల వీధి చివరిదాకా వినిపించేలా ఏడ్చింది.

పైడితల్లికి ఇంకా వేయాల్సిన సూదుల తారీఖులు రాసిన చీటీ చేతికిస్తే వీరలక్ష్మి సంచంతా వెతికింది. చివరికి, కోడలు బయటి తిండి ముట్టకుండా తాను మోసుకొచ్చిన పథ్యపు వెల్లుల్లి కారప్పొడి డబ్బా తీసి, చీటీని మడిచి మూత కింద పెట్టింది. "ఇదైతే రోజూ తీస్తాను" అంది.

వాళ్ళు వెళ్ళాక హేమలత గుర్తు చేసింది. "అమ్మగారూ, మరి నా ప్రశ్న?"

సలోమమ్మగారు మందుల పెట్టె సర్దుతూ నవ్వారు. "చీటీ ఏ డబ్బాలో పెట్టిందో చూశావా?"