అక్కిరాజు సంపాదించిన వర్చస్సు

మణిగిరి అని ఒకానొక రాజ్యం. దాన్నేలే విక్రమకేతుడికి తన వర్చస్సంటే మహా మురిపెం. తాను సభలో అడుగుపెడితే చీమ కూడా చిటుక్కుమనదని ఆయన నమ్మకం.

ఆ కొలువులో ధాన్యపు కొట్టు చూసుకునేవాడు అక్కిరాజు. పొట్టి మనిషి, పీల గొంతు. చమత్కారంగా మాట్లాడగలడు గానీ ఆ మాట పక్కవాడి దాకా కూడా వెళ్లేది కాదు.

"ప్రభూ, కొట్టు పైకప్పు చిల్లులు పడింది. వానలకు ముందే బాగుచేయించకపోతే ధాన్యం పాడైపోతుంది" అని ఒకరోజు మళ్లీ మనవి చేశాడు.

రాజు ఆవులించాడు. "నువ్వు నోరు తెరిస్తే నాకు నిద్రొస్తుందోయ్. మనిషన్నాక కాస్త వర్చస్సుండాలి. నెల గడువిస్తున్నాను. ఈ సభ నీకోసం లేచి నిలబడాలి. లేదా ఇంటికి పో."

సభ పకపకా నవ్వింది. అక్కిరాజుకు ఇల్లు గుర్తొచ్చింది. ఇంటినిండా తినేవాళ్లు, సంపాదించేది తనొక్కడే.

"చిత్తం. ఎవరి సాయమైనా తీసుకోవచ్చా?"

"నీ ఇష్టం."

ఛాతీ విరుచుకు నడవమన్నాడొక సహోద్యోగి. మాటకూ మాటకూ మధ్య ఆగమన్నాడొకడు. మీసం పెంచమన్నాడు ఇంకొకడు. మీసం పెరగలేదు గానీ వానలు వచ్చేశాయి.

గడువు ముగిసిన రోజు రాజు సింహాసనం మీదే ఉన్నాడు. ఇంతలో బయట, రాజు రాకను చాటే వేత్రధారి వీరన్న కంచుగొంతుతో "బహుపరాక్, బహుపరాక్" అని కేకపెట్టాడు.

అలవాటుగా సభంతా లేచి తలలు వంచింది. రాజూ లేచి తల వంచాడు. నిరుడు పోయిన తండ్రికోసం చిన్నప్పటినుంచీ ఆ కేకకు లేచినవాడే మరి.

తలెత్తి చూస్తే ఎదురుగా అక్కిరాజు.

"నేనెందుకు లేచాను?" అన్నాడు రాజు.

"తమకే తెలియాలి ప్రభూ. నా వర్చస్సు మాత్రం వీరన్న గొంతులో దొరికింది. తమదీ అక్కడే ఉందేమోనని అనుమానం. రేపొక్కరోజు వీరన్నకు సెలవిచ్చి చూడండి."

అందరూ రాజు ముఖం వైపు చూశారు. రాజు విరగబడి నవ్వాడు. అది చూశాక అందరూ నవ్వారు. రాజు శాలువా కప్పి, ఇకపై అక్కిరాజు వచ్చేటప్పుడు కూడా ఒక కేక వేయాలని ఆజ్ఞాపించాడు. వీరన్నకు మాత్రం సెలవివ్వలేదు.

మర్నాడు కేక వెనకాలే వచ్చిన అక్కిరాజు అదే పీల గొంతుతో, "కొట్టు పైకప్పు చిల్లులు పడింది" అన్నాడు.

"ఆహా, ఏం ముందుచూపు" అంది సభ. మీసం పెంచమన్నవాడైతే దగ్గరకొచ్చి, "మీలో ఏదో వెలుగుందండీ, నేను మొదటినుంచీ అనుకుంటూనే ఉన్నాను" అన్నాడు.

వడ్రంగులు పరుగున వచ్చారు. అప్పటికే ధాన్యం తడిసి మొలకలెత్తింది. కొత్త శాలువా కప్పుకుని అక్కిరాజు దాన్నంతా దగ్గరుండి ఏట్లో పోయించాడు. దారి పొడుగునా జనం ఆయనకు వంగి వంగి దణ్ణాలు పెట్టారు.