వెనక్కి తిరగని కుక్కలు

నెల తిరక్కముందే ఉరుకుందు రెండు కుక్కల్ని పూడ్చిపెట్టాడు. రెండింటినీ రక్తపింజరే కరిచింది. ఇక మిగిలింది సివంగి ఒక్కటే.

పత్తికొండ దిక్కు గుట్టల్లో ఉరుకుందు పేరు తెలియని వేటగాడు లేడు. ఆ పేరు అతని వల్ల వచ్చింది కాదు, అతని కుక్కల వల్ల వచ్చింది. "నా కుక్క ముందుకు పోయేదే గానీ వెనక్కి తిరిగేది కాదు" అని నలుగురిలో మీసం దువ్వేవాడు. శనక్కాయ చేలల్లో అడవిపందులు పడితే రైతులు ఇంటికొచ్చి మరీ బతిమాలి తీసుకుపోయేవాళ్ళు. అంతటి మొనగాడు ఆ గురువారం మౌలాలి తాత ముందు కూచుని ముక్కు చీదుకుంటూ ఏడుస్తున్నాడు.

మౌలాలి తాత గుట్ట మీది చిన్న దర్గాలో ఉండే ఫకీరు. ఆరేళ్ళుగా ఉరుకుందుకు ఆయనే గురువు. వారం వారం వచ్చి దర్గా ఊడ్చి, దీపంలో నూనె పోసి, కాసేపు పక్కన కూచుని పోతాడు. తాత చెప్పేది తక్కువ. ఉరుకుందు అడిగేది ఇంకా తక్కువ. ఆరోజు మాత్రం నోరు తెరిచి అడిగాడు.

"తాతా, కర్రోడు పాయె, పులిగాడు పాయె. ఇది గూడా పోతే నేను తట్టుకోలేను. దీని మెడకు ఒక తాయెత్తు కట్టు. పాము దగ్గరికి రాకుండా చెయ్యి."

తాత తాయెత్తు మాట ఎత్తలేదు. సివంగిని దగ్గరికి పిలిచి వీపు నిమిరాడు. చెయ్యి నడుం దాకా రాగానే అది కుయ్యిమంది. అక్కడ కట్టెదెబ్బ పొడుగ్గా ఉబ్బి ఉంది.

"ఇదేందిరా?"

"నేనే కొట్టినా తాతా. మొన్న పందిని తరుముతా తరుముతా ఒక పొద కాడ టక్కున నిలబడింది. పొమ్మంటే పోలే. తోక ముడుచుకుని ఎనక్కొచ్చింది. చూసినోళ్ళంతా నవ్వినారు. వేటకుక్కకు భయం పట్టుకుంటే ఇంకేముంది, గొర్రెల కాపలాకు గూడా పనికిరాదు."

"బలే పని చేసినావులే" అన్నాడు తాత. మెచ్చుకున్నాడో ఎత్తిపొడిచాడో ఉరుకుందుకు అర్థం కాలేదు. "రేపు నేనూ వేటకొస్తా."

"నువ్వా! చెప్పుల్లేని కాళ్ళతో యాడ తిరుగుతావు తాతా?"

"నీ కుక్కకేమన్నా చెప్పులున్నాయా?"



మరునాడు పొద్దున ముగ్గురూ బయల్దేరారు. ముందు రోజు వాన పడింది. నేలింకా చల్లగా ఉంది, ఎండ అప్పుడప్పుడే గట్ల మీదికి పాకుతోంది. తాత లుంగీ పైకి చెక్కి, ముసలివాడనిపించకుండా నడుస్తున్నాడు.  గురువు కాలికి ముల్లు గుచ్చుకుంటే ఊళ్ళో తల ఎత్తుకోవడం ఎట్లా అని ఉరుకుందు దిగులు.

శనక్కాయ చేను దాటగానే ఒక కుందేలు లేచింది. సివంగి దాని వెంటపడింది. కుందేలు రాళ్ళకట్ట పక్కనున్న రేగుపొదలో దూరింది. సివంగి పొదకు నాలుగు బారల దూరంలో ఆగిపోయింది. చెవులు నిక్కబొడుచుకున్నాయి, మెడ మీది వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

"ఉష్కో!" అని అరిచాడు ఉరుకుందు.

అది కదల్లేదు. తల తిప్పి ఉరుకుందును చూసింది, తర్వాత అతని చేతిలో కట్టెను చూసింది.

"ఉష్కో! పోవే!" కట్టె పైకెత్తాడు. తాత ముందు పరువు పోతోందని అతనికి ఒళ్ళు మండిపోయింది.

సివంగి కడుపు నేలకు ఆనించి, పాక్కుంటూ పొదవైపు కదిలింది. జానెడు పోవడం, వెనక్కి చూడడం. మళ్ళీ జానెడు పోవడం.

"దాన్నెందుకులే" అన్నాడు తాత. "నీ కుందేలును నేను తెచ్చిస్తా." గబగబా కుక్కను దాటి, మోకాళ్ళ దాకా బట్ట ఎత్తిపట్టుకుని, ఆ ఉత్త కాళ్ళతోనే పొద మీదికి నడిచాడు.

ఉరుకుందు చేతిలో కట్టె ఎప్పుడు పడిపోయిందో అతనికే తెలియదు. ఒక్క దూకు దూకి తాత నడుం పట్టుకుని వెనక్కి లాగాడు. ఇద్దరూ నేల మీద వెల్లకిలా పడ్డారు.

"తాతా! ఏం పనిది! లోపల పాముంది!"

"నువ్వు చూసినావా?"

"లే... చూడలే."

"మరి నీకెవరు చెప్పినారు?"

ఉరుకుందు సివంగి దిక్కు తిరిగాడు. అంతలోనే పొదలోంచి బుస వినబడింది. కొలిమి తిత్తి తొక్కినట్టు పెద్ద బుస.

సివంగి ఇంకా పాకుతూనే ఉంది. పొమ్మన్నాడు కాబట్టి పోతోంది. బారెడు దూరం కూడా లేదు.

ఉరుకుందుకు పైప్రాణాలు పైనే పోయాయి. దాన్ని వెనక్కి పిలవాలి. ఏమని పిలవాలి? వేటలో దానికి తెలిసిన మాట ఒక్కటే, ఉష్కో. రెండో మాట అతను ఏనాడూ నేర్పలేదు. వెనక్కి తిరగని కుక్కకు ఆ మాటతో పనేముందనుకున్నాడు.

మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులూ చాపాడు. ఇంట్లో సంగటి ముద్ద పెట్టేటప్పుడు పిలిచినట్టు పిలిచాడు.

"దా... దా తల్లీ... సివంగీ, దా దా..."

కుక్క ఆగింది. తిరిగి చూసింది. ఖాళీ చేతుల్ని చూసింది. నమ్మాలో వద్దో తేల్చుకోలేక ఒక్క క్షణం అట్లాగే ఉండిపోయింది. తర్వాత లేచి, తోక ముడుచుకుని, దెబ్బ పడుతుందేమోనని వీపు వంచుకుంటూ వచ్చి అతని కాళ్ళ ముందు తల ఆనించింది.

ఉరుకుందు దాన్ని ఒళ్ళోకి లాక్కుని భోరుమన్నాడు. కాళ్ళు, మూతి, చెవులు అన్నీ తడిమి చూశాడు. ఎక్కడా గాటు లేదు. "బతికినావే! అమ్మా, బతికినావే!" అంటూ దాని తలను ముద్దులాడాడు. అదేమో ఇంత సంబరం ఎందుకో తెలియక అతని చెవి నాకింది. తాత కూడా చెయ్యి చాపి దాని మెడ గోకాడు.

పొద అవతలి వైపు నుంచి చెయ్యంత లావున్న రక్తపింజర బయటికొచ్చింది. తీరిగ్గా రాళ్ళకట్ట సందులోకి పోయింది. ముగ్గురూ చూస్తూ కూచున్నారు. కుందేలు ఎప్పుడు పారిపోయిందో ఎవరూ చూడలేదు.

తాత ఒంటికంటిన మట్టి దులుపుకున్నాడు.

"ఒక్క మాట అడుగుతా ఉరుకుందూ. పాము ముందరుంటే, కుక్క వెనక్కి తిరిగి నీ దిక్కెందుకు చూసింది?"

ఉరుకుందు సివంగి నడుం మీది వాపును వేలితో తడిమాడు. 

"కర్రోడు గూడా పాము కరిచిన రోజు అట్లే చూసినాడు తాతా. హుషారు మీద చూస్తాండాడనుకున్నా. శెభాష్ అని అదిలించినా."

తాత అతని భుజం మీద చెయ్యి వేసి ఉంచాడు. 

ఎండ ఎక్కింది. దర్గా దిక్కు మళ్ళారు. ఉరుకుందుకు ఒళ్ళంతా తేలిగ్గా ఉంది. ఉత్త చేతులతో ఇంటికి పోతున్నా పెళ్ళికి పోతున్నంత సంతోషంగా ఉంది. దారి పొడుగునా సివంగితో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు. తాత నాలుగడుగులు ముందు నడుస్తున్నాడు.

గుట్ట ఎక్కే కాడ సివంగి ఒక తంగేడు మొక్క ముందు ఆగింది. మూతి పైకెత్తి వాసన చూస్తోంది. ఉరుకుందు కూడా ఆగాడు.

తాత కొంత దూరం పోయి, వెనక అడుగుల చప్పుడు లేకపోయేసరికి తిరిగి చూశాడు.

"ఏముందిరా ఆడ?"

"తెలీదు తాతా" అన్నాడు ఉరుకుందు, మొక్క వైపు కాక కుక్క వైపే చూస్తూ. "అది నిలబడింది. నేనూ నిలబడినా."

తాత పక్కనున్న బండ మీద చతికిలబడ్డాడు.

"అట్లయితే నేనూ కూచుంటాలే" అన్నాడు.